రాజయ్య పొయ్యి, నేను చెప్పిన ఫ్యాను

2009 జూన్‌లో నన్ను గోదావరిఖని పక్కనున్న ఒక భూగర్భ గనికి వెంటిలేషన్ ఆఫీసరుగా వేశారు. అంతకు ముందు పదకొండేళ్లు మందమర్రిలో అండర్ మేనేజరుగా చేశాను. హోదాలో పెద్ద తేడా లేదు గానీ పని పూర్తిగా వేరు. అండర్ మేనేజరు బొగ్గు సంగతి చూస్తాడు, వెంటిలేషన్ ఆఫీసరు గాలి సంగతి చూస్తాడు. గనిలోకి గాలి ఎక్కడ దిగుతున్నది, ఏ దారుల్లో తిరుగుతున్నది, మనుషులు పనిచేసే చోటికి ఎంత చేరుతున్నది, అందులో ఏ వాయువు ఎంత కలిసింది, ఇవన్నీ కొలిచి రిజిస్టరుకు ఎక్కించి మేనేజరు సంతకం తీసుకోవడం నా డ్యూటీ. కొలవకుండా ఒక్క అంకె వేసినా ఊరుకునేవాణ్ని కాదు. నా కింది ఓవర్‌మన్లు, సర్దార్లు నా చాటున నన్ను ‘గాలి దొర’ అనుకునేవారు. ఆ మాట నా చెవిన పడింది. కోపం నటించాను గానీ లోపల సంతోషమే.

గని గాలి గురించి తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. ప్రతి గనికీ కనీసం రెండు నోళ్లుంటాయి. ఒకదాని మీద పెద్ద ఫ్యాను కూర్చుంటుంది. అది గాలిని లోపలికి ఊదదు, లోపలి గాలిని బయటికి గుంజుతుంది. అది గుంజిన కొద్దీ రెండో నోటి నుంచి మంచి గాలి దిగుతుంది. బయటికి పోయే గాలి గురించే మేం ఎప్పుడూ తలలు బద్దలు కొట్టుకుంటాం. లోపలికి వచ్చే గాలి గురించి దిగులు పడం. బాయి అంటే గనే, దాని నోరు ఎండకూ వానకూ తెరిచే ఉంటుంది, దానికి తలుపు పెట్టేవాడు లేడు. పాతికేళ్లు అట్లాంటి చోట పనిచేసినవాడికి, తలుపులు మూసుకునే ఇళ్లు వేరే ఉంటాయన్న సంగతే మరుగున పడుతుంది.

మరుసటి ఏడు ఫిబ్రవరిలో, మొదటి షిఫ్టు ముగిసి జనం గనిలోంచి పైకెక్కే వేళ, సంపత్ అనే యువకుడు నా ఆఫీసుకు వచ్చాడు. రాజయ్య కొడుకునని చెప్పాడు. రాజయ్య మందమర్రిలో నా కింద ఫిల్లరు, అంటే టబ్బుల్లో బొగ్గు నింపే కార్మికుడు. తర్వాత బదిలీ మీద గోదావరిఖని వచ్చి ఇక్కడే రిటైరయ్యాడు. ఒళ్లు దాచుకోని మనిషి. సంపత్ మస్కట్‌లో ఒక ఇటాలియన్ హోటల్లో ఏడేళ్లు వంట చేసి తిరిగొచ్చాడు. మా కాలనీకి రెండు వీధుల అవతల ఒక ఇల్లు కిరాయికి తీసుకుని అట్లాంటి హోటలే పెడుతున్నాడు. గోదావరిఖనిలో ఇటాలియన్ హోటలా అని నేను నవ్వితే అతనూ నవ్వాడు.

“హాల్ల ఏసీలు పెడుతున్న సార్. తలుపులు మూస్తే తిండి వాసన గంటలు గంటలు ఆడ్నే ఉంటాంది. ఫ్యాను ఏడ పెట్టాలెనో మిమ్మల్ని అడిగి రమ్మన్నడు బాపు. గాలి సంగతి సార్‌కు తెలిసినట్టు ఎవలకు తెల్వదన్నడు.”

ఆ చివరి మాటకు నేను ఉబ్బిపోయాను. అప్పుడే గనిలోంచి పైకెక్కాను, స్నానం కూడా కాలేదు, మేనేజరు పిలుస్తున్నాడు. ఒక పాత స్లిప్పు వెనక నాలుగు గీతలు గీసి, హాలు చివరి గోడకు, పైకప్పు దగ్గర, పెద్ద ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టమన్నాను. చిన్నది పెట్టి ఇబ్బంది పడొద్దు, బలమైనదే తీసుకోమని కూడా చెప్పాను. మరి గాలి లోపలికెట్ల వస్తది సార్ అని అతను అడిగాడు. చూడండి, సరైన ప్రశ్నే అడిగాడు! “నువ్వు గుంజు, అదే వస్తది,” అన్నాను. పొయ్యి ఎక్కడున్నదని నేను అడగలేదు. ఇల్లు చూసి రాలేదు. గనిలో నా కింది సర్దారు ఒక గుడ్డ పరదా అటు నుంచి ఇటు మార్చాలన్నా నేను స్వయంగా వెళ్లి నిలబడి గాలి కొలిస్తే తప్ప ఒప్పుకోని మనిషిని, ఆ రోజు కుర్చీలోంచి లేవకుండా చేతులు దులుపుకున్నాను.

హోటలు ఉగాదికి ముందు తెరిచారు. జనం దాన్ని రాజయ్య కొడుకు హోటలనేవారు. మేం వెళ్లింది మే నెలలో ఒక ఆదివారం సాయంత్రం. మా అమ్మాయి మాధవికి డిగ్రీ ఫలితాలు వచ్చాయి, ఫస్టు క్లాసు. ఏం కావాలని అడిగితే చీర అడగలేదు, సెల్లు అడగలేదు. “నువ్వు, అమ్మ, అవ్వ, నేను, నలుగురం కల్సి బయట కూసోని తినుడు ఎన్నడన్న అయ్యిందా బాపు? గదే కావాలె,” అన్నది. లెక్క వేసుకుంటే నిజంగానే కాలేదు. షిఫ్టు డ్యూటీలవాళ్ల ఇళ్లలో ఎవరి పళ్లెం వాళ్లదే. మా అమ్మ డెబ్బై దాటిన మనిషి, పెద్దపల్లి పక్క పల్లెటూరిది, హోటలు తిండంటేనే మొహం చిట్లించేది. మనుమరాలి మాటకు ఆమె కూడా ఇస్త్రీ చీర కట్టుకుంది. నా భార్య సరోజ ఆమె చెయ్యి పట్టుకుని నడిపించింది.

మేం బయలుదేరే ముందు, ఆరు గంటలప్పుడు, గాలిదుమారం లేచింది. ఓపెన్‌కాస్టు గని మట్టి గుట్టల మీది దుమ్మంతా ఊరి మీద పడింది. అది కాస్త తగ్గాక ఏడు గంటలకు హోటలుకు చేరాం.

లోపల చల్లగా, శుభ్రంగా ఉంది. ఆరు టేబుళ్లు, ఎర్ర గళ్ల గుడ్డలు. గోడ మీద నీళ్ల మధ్య ఇళ్లున్న ఒక ఊరి బొమ్మ. గోదావరికి వరదొచ్చిందా ఏంది అని మా అమ్మ అడిగింది. ముందు అద్దాల తలుపు, కిటికీలకు కదలని అద్దాలు. హాలుకు వెనక వంటగది, ఆ రెంటికీ నడుమ తలుపు లేదు, నిండు పరదా ఒకటి వేలాడుతున్నది. చివరి గోడ మీద నేను చెప్పిన ఫ్యాను జోరుగా తిరుగుతున్నది. ఇంకో టేబుల్ దగ్గర భార్యాభర్తలు, వాళ్ల చిన్నపిల్ల కూర్చున్నారు. అంతే జనం.

రాజయ్య పరదా తొలగించుకుని వచ్చి దండం పెట్టాడు. కొడుకు పిండి ఒత్తితే పొయ్యి సంగతి తండ్రి చూసుకుంటాడట. నన్ను లోపలికి తీసుకెళ్లి పొయ్యి చూపించాడు. ఇటుకతో గుమ్మటంలా కట్టి పైన పొగగొట్టం పెట్టారు. సంపత్ మస్కట్‌లో చూసింది కట్టెల పొయ్యి. కట్టెలెందుకు, బొగ్గు మీద పుట్టినోళ్లం అని రాజయ్య పట్టుబట్టాడట.

“పచ్చి బొగ్గు కాదు సార్. పొద్దుగాల పెరట్ల కాల్చి, పొగంత పొయినంక ఆర్పి, గా కోకే పొయ్యిల ఏస్త. చూడుండ్రి, ఇంత పొగన్న ఉన్నదా? సాఫ్ నిప్పు.”

మా ప్రాంతం ఇళ్లలో ఇది తరాల అలవాటు. పొయ్యి వాకిట్లో రాజేసి, పొగ పోయి నిప్పు ఎర్రబడ్డాక ఇంట్లోకి తెచ్చుకుంటారు. పొగ పోయిందంటే కీడు పోయిందని లెక్క. అది తప్పని నాకు తెలుసు, శిక్షణా కేంద్రంలో పాఠంగా చెప్పినవాణ్ని. కానీ ఆ వేళ నేను పాఠం చెప్పడానికి పోలేదు గదా! మంచిగున్నది రాజయ్యా అన్నాను. వెనక తలుపు గడియ పెట్టి, కింది సందులో గోనెసంచి కుక్కి ఉండటం కూడా చూశాను. రోజూ తెరిచే ఉంచుతామనీ, ఈ రోజు దుమ్మంతా పిండిలో పడుతున్నదని మూశామనీ సంపత్ చెప్పాడు.

తిండి వచ్చింది. మాధవి ఒక్కొక్కదాని పేరు చెబుతూ వడ్డించింది. మా అమ్మ పిజ్జా ముక్క తిప్పి చూసి, “గిదేంది బిడ్డా, రొట్టె మీద కూర పోసి కాలవెట్టిండ్రు? ఇడివిడిగ పెడితె మనం తినమా?” అన్నది. సరోజ నవ్వలేక చచ్చింది. నేను ఎన్నడూ లేనంత తీరుబడిగా కూర్చున్నాను. ఎదురుగా వంటగది పరదా హాలు వైపుకు బొర్రలా ఉబ్బి ఉంది. నా ఉద్యోగపు కళ్లు దాని మీదనే పడ్డాయి. గనిలో మేం గాలి ఎటు పోతున్నదో ముందు పరదాను చూసే చెప్తాం.

“చూసినవా బిడ్డా, మా ఫ్యాను ఎట్ల గుంజుతాందో! నేను చెప్పిన జాగనే,” అని మాధవికి చూపించి గొప్పలు పోయాను.

ఎనిమిది కావస్తుండగా సరోజ తల బరువుగా ఉందన్నది. ఏసీ పడదు నీకు అన్నాను. మాధవి రెండుసార్లు ఆవలించింది. మా అమ్మ కుర్చీలోనే కునుకు తీస్తున్నది, పెద్దమనిషి అలసిపోయిందనుకున్నాను. అవతలి టేబుల్ పిల్ల వాంతి చేసుకుంది, దుమ్ముగాలికి తిరిగిన పిల్ల అనుకున్నాను. ప్రతిదానికీ నా దగ్గర ఒక జవాబుంది. సరోజ మళ్లీ, “ఇగో, నాకు మంచిగ లేదు, పోదాం,” అన్నది. ఇంత ఖర్చు పెట్టి వచ్చాం, నిమ్మళంగా తినరాదా అని విసుక్కున్నాను. నా తల కూడా పగులుతున్నదని, ఆ విసుగు అందుకేనని అప్పుడు తట్టలేదు.

చెయ్యి కడుక్కోవడానికి లేచాను. మోకాళ్లలో బలం లేదు. టేబుల్ పట్టుకుని నిలబడ్డాను.

కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. నిప్పుకు గాలి చాలనప్పుడు పుడుతుంది. నెత్తురులో ప్రాణవాయువు ఉండాల్సిన చోట తాను చేరి కదలదు. కూర్చున్నవాడికి తెలియదు, లేచి అడుగు వేయబోతే ముందు మోకాళ్లు చెబుతాయి. గనిలో బొగ్గు తనంతట తానే వేడెక్కి రాజుకున్నప్పుడు పుట్టేదీ ఇదే వాయువు. రెస్క్యూ శిక్షణలో మాకు మొదటి రోజు చెప్పే పాఠం ఇది. నేనే వందల మందికి చెప్పాను.

అప్పుడు పరదా వైపు మళ్లీ చూశాను. అది ఇంకా హాలు వైపే ఉబ్బి ఉంది. వంటగదిలోంచి హాల్లోకి అంత గాలి వస్తున్నదంటే, వంటగదిలోకి ఆ గాలి ఎక్కడి నుంచి వస్తున్నది? ముందు తలుపు మూసి ఉంది. వెనక తలుపు గడియ పెట్టి ఉంది, సందులో గోనెసంచి. ఈ ఇంటికి తెరిచి ఉన్న నోరు ఒక్కటే, పొగగొట్టం. నా ఫ్యాను పొగగొట్టంలోంచి గాలిని కిందికి గుంజి, పొయ్యి మీదుగా తెచ్చి, మా పళ్లేల మీద పోస్తున్నది. రెండు నెలలు ఏమీ కాలేదంటే వెనక తలుపు తెరిచి ఉండబట్టే.

“అందరు బయటికి! తిండి ఇడ్సిపెట్టుండ్రి, బయటికి నడువుండ్రి!” అని అరిచాను. అద్దాల తలుపు బార్లా తెరిచి కుర్చీ అడ్డం పెట్టాను. మాధవి, సరోజ మా అమ్మను చెరో రెక్కా పట్టుకుని తీసుకుపోయారు. అవతలి టేబులాయన పిల్లను ఎత్తుకున్నాడు. ఫ్యాను స్విచ్ దగ్గర ఒక్క క్షణం నా చెయ్యి ఆగింది. గనిలో ప్రమాదం జరిగినప్పుడు మేనేజరు హుకుం లేకుండా ఫ్యాను ఆపడం పెద్ద నేరం. ఇక్కడ మేనేజరెవరు? ఆపేశాను.

బయట తలలు లెక్కపెట్టాను. సంపత్ గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు, కళ్లు తిరుగుతున్నాయట. లోపల ఇంకెవరున్నరని అడిగితే నోరు తెరిచి, “బాపు,” అన్నాడు.

ఎవరో తడి తువ్వాల ఇచ్చారు. అది పొగను ఆపుతుంది గానీ ఈ వాయువును ఆపదు. మొదట వెనక తలుపు తెరవాలన్నాను. నేనూ సంపత్ ఇంటి పక్క సందులోంచి వెనక్కు పోయి తలుపును తన్ని గడియ ఊడగొట్టాం. శ్వాస బిగబట్టి నేను లోపలికి పోయాను, సంపత్ నా వెనకే వచ్చాడు. రాజయ్య పొయ్యి పక్కన పీట మీద గోడకానుకుని కూర్చుని ఉన్నాడు, గడ్డం ఛాతీకి ఆని ఉంది. ముఖం ఎర్రగా, ఆరోగ్యంగా ఉన్నట్టు కనిపించింది. ఆ ఎరుపు ఈ వాయువు ఇచ్చేదే. ఇద్దరం పెరట్లోకి లాక్కొచ్చాం. ఊపిరి ఉంది, తెలివి లేదు. ఆటోలో వేసుకుని దవాఖానకు పోయాం. బొగ్గు ఊరి డాక్టర్లకు గ్యాసు కేసు అంటే రెండోసారి చెప్పనక్కర్లేదు, వెంటనే ఆక్సిజన్ పెట్టారు. మా అమ్మకు, అవతలి పిల్లకు కూడా పెట్టారు. వాళ్లు తెల్లారేసరికి కోలుకున్నారు. రాజయ్యకు మూడో రోజు తెలివొచ్చింది.

ఇంతవరకు జరిగింది ప్రమాదం. ఆ తర్వాత జరిగింది నేను చేసిన పని.

గనిలో ఇట్లాంటిది జరిగితే పద్ధతి ఉంది. వెంటనే పైఅధికారులకు, తనిఖీ శాఖకు నోటీసు పోవాలి. స్థలం కదపకూడదు. నక్షా గీయాలి, గాలి ఎటు నుంచి ఎటు పోయిందో బాణపు గుర్తులు వేయాలి, వాంగ్మూలాలు తీసుకోవాలి, కారణం అని రాసి ఉన్న గడి నింపాలి. హోటలుకు ఆ గడి లేదు. ఎవరూ నన్ను అడగలేదు. పైగా అందరూ మెచ్చుకున్నారు. వెంటిలేషన్ ఆఫీసరు సమయానికి పసిగట్టి ఏడెనిమిది ప్రాణాలు కాపాడాడని ఊరంతా పాకింది. వారం తిరక్కముందే జనరల్ మేనేజరు ఆఫీసుకు పిలిపించి ప్రశంసాపత్రం చేతికిచ్చాడు. దాని నకలు నా సర్వీసు ఫైలులో చేరింది. ముట్టిందని సంతకం పెట్టాను. అక్కడే నోరు విప్పి, ఆ ఫ్యాను నేను చెప్పిందేనండీ అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. సిగ్గుపడ్డాను అని ఇప్పుడు రాయడం తేలిక. ఆ రోజు సిగ్గు కన్నా భయం ఎక్కువ. గాలి దొర అన్న పేరు పోతుందన్న భయం.

పదకొండో రోజున రాజయ్య మా క్వార్టరుకు వచ్చాడు. నడక బాగానే ఉంది, మాట బాగానే ఉంది. కుర్చీ వేస్తే కూర్చోలేదు. మీరు లేకుంటే పోయేటోణ్ని సార్ అన్నాడు. సరోజ చాయ్ తెచ్చి ఇచ్చింది. తాగి, గ్లాసు కింద పెట్టి, నేల చూస్తూ అడిగాడు.

“సార్, పొయ్యిల ఏం తప్పు చేసిన? దినాం చేసినట్టే చేసిన గద. పసిపిల్ల ఉండె, అమ్మ ఉండె... ఏమన్న అయితె ఎట్ల సార్? గదే మతిల తిరుగుతాంది, నిద్ర పడుతలేదు.”

ఇది నా ఉద్యోగ జీవితంలో నన్ను అడిగిన అతి ముఖ్యమైన ప్రశ్న. జవాబు నా దగ్గరున్నది. “పొగ లేనంత మాత్రాన నిప్పు సాఫ్ కాదు రాజయ్యా. కోకుతో జర పైలం ఉండాలె,” అన్నాను. అందులో అబద్ధం లేదు. అందుకే అది అబద్ధం కన్నా అన్యాయం. తప్పంతా పొయ్యి మీద పెట్టి, ఆ పొయ్యి రాజేసిన మనిషిని అట్లాగే ఇంటికి పంపాను. అతను తల ఊపి, దండం పెట్టి వెళ్లాడు. సరోజ గ్లాసు తీస్తూ నా ముఖంలోకి చూసింది. ఫ్యాను గొప్పలు ఆమె కూడా విన్నది గదా.

ఈ వాయువుకు ఇంకో గుణం ఉంది. అది శిక్షణలో చివరి రోజు చెబుతారు, చాలామంది మరిచిపోతారు. కొందరు పూర్తిగా కోలుకున్నట్టే లేచి తిరుగుతారు. రెండు మూడు వారాలు పోయాక మెదడు దెబ్బ తిన్న సంగతి బయటపడుతుంది. నేను మరిచిపోలేదు. రాజయ్యకు అట్లా కాదులే అని నాకు నేనే చెప్పుకున్నాను.

ఇరవై ఒకటో రోజు తెల్లవారుజామున రాజయ్య లేచి, మొదటి షిఫ్టుకు టైమైందని బయలుదేరాడట. రిటైరై నాలుగేళ్లు దాటిన మనిషి. భార్య ఆపితే కసురుకున్నాడట. రెండు రోజుల్లో నడక తడబడింది, మనుషుల పేర్లు పోయాయి. దవాఖానలో చూసి, ఇది ఇంతేనని, కొంత తేరుకోవచ్చు, తేరుకోకపోవచ్చని చెప్పారు. అతను తేరుకోలేదు.

నాకు ఈ కబురు మా ఓవర్‌మన్ చెప్పాడు. ఆ రెండు మూడు రోజులు నేను గనిలో ఏం కొలిచానో, ఏం రాశానో నాకే గుర్తు లేదు. ఇరవై ఆరో రోజున కాగితం తీసుకుని నక్షా గీశాను. ముందు తలుపు, వెనక తలుపు, పొయ్యి, పొగగొట్టం, పరదా, ఫ్యాను. గాలి దారికి బాణపు గుర్తులు వేశాను. కారణం అన్నచోట, లోపలికి గాలి వచ్చే దారి చూడకుండా, స్థలం పరిశీలించకుండా ఫ్యాను పెట్టమని చెప్పడం అని రాసి, బాధ్యుడు అన్నచోట నా పేరు, హోదా రాసి సంతకం పెట్టాను. అది తీసుకుని రాజయ్య ఇంటికి పోయాను.

సంపత్ వాకిట్లోనే ఉన్నాడు. హోటలు అప్పటికి మూసేశాడు. నిలబడే కాగితమంతా చదివాడు. అతనికి మస్కట్‌లో వంటశాలల నక్షాలు చదివిన అలవాటుంది, బాణపు గుర్తులు అర్థమయ్యాయి.

“నాకు ఎరుకే సార్,” అన్నాడు. “వెనక తలుపు తన్నినప్పుడే సమజైంది. మీరు చెప్తరేమోనని చూసిన. మీరేమో రాలె. నేను గుడ అడుగలె, గోనెసంచి కుక్కింది నేను గద. నాతోని చెప్పుడు కాదు సార్. బాపు తోని చెప్పుండ్రి. దవాఖాన నుంచి వచ్చినకాడికెల్లి, నా పొయ్యి తోనే అయ్యిందని ఏడ్వని దినం లేదు.”

లోపల రాజయ్య మంచం మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూడగానే లేవబోయాడు. పేరు గుర్తు లేదు గానీ నేను సార్‌నని గుర్తున్నది. పక్కన కూర్చుని చెప్పాను. తప్పు పొయ్యిది కాదు రాజయ్యా, ఫ్యానుది, ఆ ఫ్యాను పెట్టమన్నది నేను, చూడకుండా చెప్పాను, ఆ రోజు నువ్వు మా ఇంటికొచ్చి అడిగినప్పుడు దాచాను. నాకు వచ్చిన తేట మాటల్లో, అతనికి పనిచోట చెప్పినట్టే, నిదానంగా రెండుసార్లు చెప్పాను. అతను కళ్లార్పకుండా విన్నాడు. అండర్ మేనేజరు ఎదుట నిలబడ్డ ఫిల్లరు వినేంత శ్రద్ధగా విన్నాడు. నేను ఆపగానే రెండు చేతులూ జోడించాడు.

“మాఫ్ చెయ్యుండ్రి సార్. గల్తి నాదే. ఇంకోపారి గట్ల కానియ్య.”

మళ్లీ చెప్పబోయాను. సంపత్ నా భుజం మీద చెయ్యి వేసి ఆపాడు.

ఆ కాగితం నకలు జనరల్ మేనేజరుకు ఇచ్చి, ప్రశంసాపత్రం వెనక్కి తీసుకొమ్మన్నాను. గని ఆవరణలో జరిగింది కాదు కనుక ఆ నివేదికను నమోదు చేసే నిబంధన లేదన్నాడు. ప్రశంసాపత్రం రద్దు చేసే నిబంధన కూడా లేదన్నాడు. అది నా ఫైలులోనే ఉండిపోయింది. రాజయ్య మరో మూడేళ్లు బతికాడు. సంపత్ గోదావరి అవతలి జైపూర్‌లో క్యాంటీను పని చూసుకున్నాడు. నేను రిటైరయ్యేదాకా శిక్షణా కేంద్రంలో ప్రతి బ్యాచికీ ఈ నక్షా బోర్డు మీద గీసి, బాధ్యుడి పేరుతో సహా చెప్పాను. మనం నిలబడి చూడని చోటి గాలి గురించి మాట్లాడవద్దన్నది అందులో మొదటి పాఠం, అది ఎవరికైనా అర్థమవుతుంది.

రెండోది నేను నేర్చుకోవడానికి ఆలస్యమైంది. ప్రమాదం జరిగిన వెంటనే కారణం చెప్పాలని నిబంధన ఎందుకు పెట్టారో, నేను అధికారుల కోసమనుకునేవాణ్ని. అది దెబ్బ తిన్నవాడి కోసం. అతనికి వినే శక్తి ఉండగానే చెప్పాలి. నేను ఇరవై ఆరు రోజులకు చెప్పాను. అందులో పద్దెనిమిది రోజులు రాజయ్య పూర్తి తెలివితో ఉన్నాడు, ఒక రోజు మా ఇంట్లో నిలబడి స్వయంగా అడిగాడు కూడా.